రాగం సగంలో ఆపేశాం!

జాజ్ మహారాజులకూ, మన గుంటూరు సీమ సన్నాయి విద్వాంసులకూ ఉన్న చుట్టరికం కథ

నాలుగేళ్ల క్రితం సంగతి. గుంటూరు దగ్గర ఓ కల్యాణ మండపంలో మా చెల్లెలి పెళ్లి. రాత్రి తొమ్మిది దాటింది. భోజనాల హాల్లో రెండో బంతి నడుస్తోంది. వేదిక పక్కన చాప మీద కూర్చుని ఓ పెద్దాయన సన్నాయి వాయిస్తున్నాడు. పక్కన డోలు, వెనక శ్రుతిపెట్టె. కళ్లు మూసుకుని ఏదో రాగం అందుకున్నాడు. అందుకున్నాడంటే అందుకున్నాడే! పావుగంటైనా దిగి రాడు. ఇంతలో డీజే కుర్రాళ్లు వచ్చి "అన్నా, మేం రెడీ" అన్నారు. ఏర్పాట్లన్నీ చూస్తున్నవాణ్ణి నేనే. గబగబా పెద్దాయన దగ్గరికెళ్లి "ఇక చాలు బాబాయ్, ఆపండి" అన్నాను.

ఆయన కళ్లు తెరిచాడు. నా వంక ఓ క్షణం చూసి అన్నాడు:

"రాగం సగంలో ఉంది బాబూ."

"ఫర్లేదు లెండి" అన్నాను నేను!

ఆయన మారు మాట్లాడలేదు. పీక ఊడదీసి, చిన్న రేకు డబ్బాలో పెట్టుకుని, మూత బిగించాడు. డీజే మొదలైంది. ఆయన అన్నం తినడానికి వెళ్లిపోయాడు. ముహూర్తం వేళకు మళ్లీ వచ్చి గట్టిమేళం వాయించాడు. అందరూ అక్షింతలు వేశారు. నేనూ వేశాను. ఆయన్ని అంతటితో మరిచిపోయాను.

మళ్లీ గుర్తుచేసినవాడు ఎవరో తెలుసా? జాన్ కోల్ట్రేన్ అనే అమెరికా దేశస్థుడు!

పద్నాలుగు నిమిషాల పాట

నేను ఫ్రీలాన్స్ రాతగాణ్ణి. ఎడిటర్‌గారు ఏది రాయమంటే అది రాయాలి. ఒకసారి "జాజ్ మహానుభావుల మీద కుర్రాళ్లకి అర్థమయ్యేలా ఓ వ్యాసం కొట్టవయ్యా" అన్నారు. నాకు జాజ్ అంటే సినిమాల్లో క్లబ్ డాన్సు వెనక వినిపించే బాకాల మోత, అంతే! సరే, ఇక తప్పదు కదా అని వినడం మొదలుపెట్టాను.

'ద సౌండ్ ఆఫ్ మ్యూజిక్' సినిమా మీలో చాలామంది చూసే ఉంటారు. ఉరుములకు భయపడ్డ పిల్లలకు ధైర్యం చెబుతూ హీరోయిన్ పాడే 'మై ఫేవరెట్ థింగ్స్' గుర్తుందా? ఆ సినిమా 1965లో వచ్చింది. అంతకు ముందే అది నాటకంలో పాట. 1960లో కోల్ట్రేన్ ఆ పాట తీసుకుని సొప్రానో శాక్సఫోన్ మీద వాయించాడు. మూడు నిమిషాల పాట దాదాపు పద్నాలుగు నిమిషాలైంది! ముందు పాటని ఉన్నదున్నట్టు వాయిస్తాడు. తర్వాత దాన్ని పట్టుకుని ఎక్కడెక్కడికో వెళ్లిపోతాడు. ఇక తిరిగి రాడేమో అనుకునేసరికి పాట గడప దగ్గర నిలబడి ఉంటాడు.

వింటూ వింటూ ఉలిక్కిపడ్డాను. ఈ గొంతు నేనెక్కడో విన్నాను! సూటిగా, వాడిగా, చెవిలోంచి గుండెలోకి దూసుకుపోయే ఈ ఊపిరి... మా చెల్లెలి పెళ్లిలో చాప మీద కూర్చున్న పెద్దాయనది కాదూ!

జాజ్‌కీ మన సన్నాయికీ సంబంధమేమిటని నవ్వకండి. జాజ్‌కి ప్రాణమేదంటే, తెలిసిన పాట మీద అప్పటికప్పుడు కొత్త పాట కట్టడం. కాగితం మీద రాసి ఉండదు. నిన్న వాయించింది ఇవాళ ఉండదు. మన విద్వాంసులు దీన్నే మనోధర్మం అంటారు. కీర్తన త్యాగరాజుది కావచ్చు. దాని ముందు చేసే రాగాలాపన, తర్వాత వేసే స్వరకల్పన మాత్రం ఆ పూట, ఆ మనిషివి.

ఆలాపన అంటే ఏమిటని అడుగుతారా? పాత సినిమాల్లో హీరో ఎంట్రీ గుర్తు తెచ్చుకోండి. ముందు బూట్లు చూపిస్తారు. తర్వాత చెయ్యి. తర్వాత నీడ. హాలంతా ఈలలతో ఊగిపోయాక అప్పుడు ముఖం! రాగం కూడా అంతే. కింది స్వరాల దగ్గర తచ్చాడి, ఒక్కో మెట్టే ఎక్కి, పై షడ్జమం దగ్గరికొచ్చేసరికి దాని నిండు ముఖం కనబడుతుంది. మేం ఆయన్ని ఆపింది సరిగ్గా బూట్లకీ ముఖానికీ మధ్య అన్నమాట!

వీధిలో పుట్టిన విద్య

జాజ్ పుట్టింది పెద్ద పెద్ద హాళ్లలో కాదు, వీధుల్లో. అమెరికాలో న్యూ ఆర్లీన్స్ అనే ఊరుంది. అక్కడ శవయాత్రకి కూడా బ్యాండు ఉంటుంది. శ్మశానానికి వెళ్లేటప్పుడు నెమ్మదిగా, విషాదంగా వాయిస్తారు. తిరిగొచ్చేటప్పుడు హుషారుగా అందుకుంటారు. వెనకాల జనం చిందులేస్తూ నడుస్తారు. నిండు నూరేళ్లు బతికిన పెద్దాయన పోతే మన పల్లెల్లోనూ మేళం పెట్టి సాగనంపరూ? అలాంటిదే.

ఆ ఊళ్లోనే 1901లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పుట్టాడు. కటిక దరిద్రం. 1912 డిసెంబరు 31 రాత్రి, కొత్త సంవత్సరం సంబరంలో వీధిలో పిస్తోలు పేల్చాడని పదకొండేళ్ల ఆ కుర్రాణ్ణి పోలీసులు పట్టుకుని అనాథ నల్లపిల్లల సంస్కరణ గృహంలో వేశారు. అక్కడి బ్యాండులో కార్నెట్ బాకా చేతికిచ్చారు. ఆ బాకాయే ఆయన్ని ప్రపంచమంతా తిప్పింది. 1969లో వచ్చిన 'హలో డాలీ' సినిమాలో కనిపించి పాడేది ఆయనే.

ఆర్మ్‌స్ట్రాంగ్ కంటే ముందే అదే ఊళ్లో బడ్డీ బోల్డెన్ అనే మరో బాకా విద్వాంసుడుండేవాడు. జాజ్‌కి ఆద్యుడు ఆయనే అంటారు. 1907లో మతి చలించి పిచ్చాసుపత్రిలో చేరాడు. పాతికేళ్లు అక్కడే గడిపి 1931లో పోయాడు. గుర్తు కూడా లేని సమాధిలో పూడ్చారు. ఆయన వాయించింది ఒక్క రికార్డు కూడా మిగల్లేదు. చిత్రమేమిటంటే, ఒక్క స్వరం కూడా మిగలని ఆ మనిషి పేరు మాత్రం నూరేళ్ల తర్వాత గుంటూరులో కూర్చున్న నాకు తెలిసింది! ఎలా? అక్కడివాళ్లు పేరు గుర్తుపెట్టుకున్నారు గనక.

అప్పుడు తట్టింది. మా పెద్దాయన పేరేమిటి?

అటక మీదున్న పెళ్లి పద్దుల పుస్తకం దింపాను. ఫొటోగ్రాఫర్ పేరు, ఫోన్ నంబరు ఉన్నాయి. డీజే పేరుంది. వంటమేస్త్రి పేరుంది. ఐస్‌క్రీమ్ అతని పేరు కూడా ఉంది. ఆ తర్వాత ఒక లైను: "మేళం - 12,000." అంతే! మేళానికి పేరు లేదు. రాసిన దస్తూరీ నాదే!

పత్తి ఏకిన చేతులు

జాజ్‌కి తల్లిలాంటి బ్లూస్ ఎక్కడ పుట్టిందో తెలుసా? అమెరికా దక్షిణాదిన, ఎండలో పత్తి తీసిన నల్లజాతి కూలీల నోట. పత్తి అనగానే మనకి చటుక్కున ఏం గుర్తొస్తుంది? మన నల్లరేగడి! మన కోస్తాలో సన్నాయి పట్టిన కుటుంబాల్లో చాలామంది దూదేకులవారు. పేరులోనే ఉంది, దూదిని ఏకడం వాళ్ల కులవృత్తి. పగలు దూది, రాత్రి రాగం! మతానికి ముస్లింలు. గుళ్లో స్వామివారి మేలుకొలుపు నుంచి పవళింపు దాకా మంగళవాద్యం వాళ్లది. రాముడి పెళ్లికీ వాళ్లే, మన పెళ్లికీ వాళ్లే.

ఈ గడ్డ మీద పుట్టిన సన్నాయి చక్రవర్తి షేక్ చిన మౌలానా. ఒంగోలు దగ్గర కరవది ఆయన స్వగ్రామం. 1924లో పుట్టారు. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు. అది 1970లో ఏర్పడింది. ఒంగోలు అప్పట్లో గుంటూరు జిల్లాలోదే. తరతరాలుగా నాదస్వరం వాయించే ఇల్లు వాళ్లది. తొలి పాఠాలు తండ్రి కాసిం సాహెబ్ దగ్గర. తర్వాత చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర శుశ్రూష.

ఇంతవరకు మామూలు కథే. మలుపు ఇక్కడే ఉంది. ఆ రోజుల్లో నాదస్వరం అంటే తంజావూరు, తంజావూరు అంటే టి.ఎన్. రాజరత్నం పిళ్ళై. ఆయన తోడి రాగం అందుకుంటే జనం రాత్రంతా కదిలేవారు కాదట. నాదస్వర విద్వాంసులు చొక్కా లేకుండా, నిలబడి వాయించాలన్న పాత ఆచారాన్ని ఎదిరించి, వేదిక మీద దర్జాగా కూర్చుని వాయించిన మొనగాడాయన. 1940లో వచ్చిన 'కాళమేఘం' అనే తమిళ సినిమాలో హీరోగా కూడా వేశారు. ఆ వాయిద్యానికి మౌలానా దాసోహమైపోయారు. ఇక్కడ పేరు తెచ్చుకున్న విద్వాంసుడై ఉండి కూడా, తమిళదేశం వెళ్లి నాచ్చియార్‌కోయిల్ రాజం, దొరైకణ్ణు సోదరుల దగ్గర మళ్లీ శిష్యుడిగా చేరారు. భాష వేరు, బాణీ వేరు. అయినా పట్టుబట్టి నేర్చుకున్నారు. తంజావూరు బాణీలో తంజావూరు వాళ్లే "ఔరా" అనేలా తయారై, చివరికి శ్రీరంగంలోనే స్థిరపడ్డారు.

ఇలాంటి మొండితనం కోల్ట్రేన్ కథలోనూ ఉంది. 1926లో పుట్టిన ఆయన మౌలానాగారికి దాదాపు ఈడువాడే. మత్తుమందుల మూలాన 1957లో మైల్స్ డేవిస్ బృందం నుంచి ఉద్వాసన జరిగింది. అదే ఏడాది మత్తు వదిలించుకుని, సంగీతమే దైవసేవ అనుకుని సాధనలో పడ్డాడు. 1964 డిసెంబరులో రికార్డు చేసిన 'ఎ లవ్ సుప్రీం' ఆ ప్రార్థనే. మన సంగీతమంటే ఆయనకి వెర్రి ప్రేమ. 1961లో వాయించిన ఒక రచనకి 'ఇండియా' అని పేరు పెట్టాడు. రవిశంకర్ మీద గౌరవంతో 1965లో పుట్టిన కొడుక్కి రవి అని పేరు పెట్టుకున్నాడు. నలభై ఏళ్లకే, 1967లో వెళ్లిపోయాడు.

మౌలానాగారికి 1977లో పద్మశ్రీ వచ్చింది. 1998కి మద్రాసు సంగీత అకాడమీ 'సంగీత కళానిధి' బిరుదు వరించింది. 1999లో కన్నుమూశారు. అంతకు ముందే 1982లో శ్రీరంగంలో శారదా నాదస్వర సంగీతాశ్రమం పెట్టి పిల్లలకు విద్య చెప్పారు. ఆయన మనవలు కాసిం, బాబు ఆ బాణీని నిలబెట్టారు. మన ప్రకాశం, గుంటూరు ప్రాంతాల నుంచి వెళ్లి ఆయన శిష్యులైన భార్యాభర్తలు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీలకు 2020లో పద్మశ్రీ ఇచ్చారు. ఆడవాళ్లు సన్నాయి పట్టడమే అరుదైన రోజుల్లో కాలీషాబీ భర్త పక్కన సమానంగా కూర్చుని వాయించింది. సినిమా కథకి ఇంతకంటే ఏం కావాలి చెప్పండి!

జానకి గొంతూ, సన్నాయి పోటీ

సినిమా అంటే గుర్తొచ్చింది. 1962లో తమిళంలో 'కొంజుం సలంగై', తెలుగులో 'మురిపించే మువ్వలు' వచ్చింది. అందులో 'నీ లీల పాడెద దేవా' పాట మీ అమ్మమ్మనడగండి, కళ్లు మెరుస్తాయి. నాదస్వరం కారుకురిచ్చి అరుణాచలం. ఆయన రాజరత్నం పిళ్ళైగారి శిష్యుడు. గొంతు ఎస్. జానకి. ఇద్దరూ నువ్వా నేనా అని పోటీ పడతారు. నాదస్వరం పరుగుతో సమానంగా పరుగెత్తే గొంతు జానకిదేనని గాయని పి. లీల ఆమె పేరు సూచించారని చెబుతారు. ఆ జానకి ఎవరు? గుంటూరు జిల్లా రేపల్లె తాలూకా పల్లపట్లలో పుట్టిన మన అమ్మాయి! చిన్నప్పుడు ఆమెకు సంగీతం చెప్పిన గురువు పైడిస్వామిగారెవరు? నాదస్వర విద్వాంసుడు! ఇక సన్నాయిని చూసి ఆ గొంతు బెదురుతుందా?

మరి శాక్సఫోన్ మన దగ్గరికి రాలేదా? వచ్చింది. మంగుళూరు వైపు ఒక నాదస్వర విద్వాంసుడి కొడుకు మైసూరు ప్యాలెస్ బ్యాండులో శాక్సఫోన్ విని మనసు పారేసుకున్నాడు. మీటలున్న ఆ విదేశీ వాద్యం మీద గమకం పలికించాలని ఏళ్ల తరబడి కుస్తీ పట్టాడు. ఆయనే కద్రి గోపాల్‌నాథ్. 1994లో బాలచందర్ తీసిన 'డ్యూయెట్'లో ప్రభు చేతిలో శాక్సఫోన్ ఉంటుంది, ఊపిరి మాత్రం గోపాల్‌నాథ్‌ది.

అటునుంచి ఇటూ వచ్చారు. చార్లీ మరియానో అనే అమెరికన్ జాజ్ శాక్సఫోన్ విద్వాంసుడు మలేషియాలో పనిచేస్తుండగా మన నాదస్వరం విన్నాడు. అప్పటికే నలభై దాటిన మనిషి, ప్రపంచమెరిగిన కళాకారుడు. అయినా చిన్నపిల్లాడిలా కూర్చుని నేర్చుకున్నాడు. 1973లో ఇండియాకి వచ్చి మరీ సాధన చేశాడు. తర్వాత జాజ్ రికార్డుల్లో నాదస్వరం వాయించాడు.

వాయించడం అంత తేలిక కాదు. శాక్సఫోన్‌కి మీటలుంటాయి, నొక్కితే స్వరం పలుకుతుంది. సన్నాయికి మీటల్లేవు. రెండున్నర అడుగుల కర్రగొట్టం, ఏడు వేళ్ల రంధ్రాలు, పెదాల మధ్య చిన్న పీక. స్వరాల మధ్య ఉండే సన్నని తేడాలన్నీ పెదవి ఒత్తిడితో, ఊపిరితో, వేలిని సగం తెరవడంతో పుట్టించాల్సిందే. పీక తడి ఆరినా, ఊపిరి వెంట్రుకవాసి తప్పినా అపశ్రుతే!

మిరప కళ్లంలో మళ్లీ

పెళ్లి చేయించిన పురోహితుడిగారి ద్వారా మొత్తానికి పెద్దాయన ఆచూకీ దొరికింది. చిలకలూరిపేట - నరసరావుపేట దారిలో ఓ పల్లె. మార్చి నెల. దారి పొడుగునా కళ్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. ఆయన కూడా ఒక కళ్లంలో తాలుకాయలు ఏరుతున్నాడు. పెళ్లిళ్ల సీజన్ కానప్పుడు కూలిపనే.

నన్ను గుర్తుపట్టాడు. "చెల్లెమ్మ బాగుందా బాబూ?" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ రోజు చేసిన పనికి క్షమించమన్నాను. నవ్వేశాడు. "మీరొక్కరేనా? ఇప్పుడంతా అంతే. ముహూర్తానికి పది నిమిషాలు, ఫొటోలో కనబడ్డానికి మరో పది నిమిషాలు. మా చిన్నప్పుడు కోటప్పకొండ తిరునాళ్లకి ప్రభ ముందు నడుస్తూ తెల్లవార్లూ వాయించేవాళ్లం. ఒక్క రాగం ఒక ఊరి నుంచి ఇంకో ఊరి దాకా! అలా నడిస్తేనే బాబూ ఊపిరి వచ్చేది."

ఆర్మ్‌స్ట్రాంగ్‌కీ ఊపిరి అలాగే వచ్చింది మరి! వీధిలో నడుస్తూ, జనం మధ్య. ఆ వీధిని మనం డీజేకి రాసిచ్చేశాం.

"మీ అబ్బాయి వాయిస్తాడా?" అనడిగాను. "ఆటో తోల్తాడు. నేనే వద్దన్నా" అన్నాడు. ఇంకేమీ అనలేదు. నేనూ అడగలేకపోయాను.

చివరికి ధైర్యం చేసి అన్నాను: "బాబాయ్, ఆ రోజు సగంలో ఆపిన రాగం... మిగతా సగం ఇప్పుడు వాయిస్తారా?"

ఆయన నా వంక విచిత్రంగా చూశాడు. "అది ఆ రోజుది బాబూ. దాన్ని మళ్లీ ఎక్కడి నుంచి తెస్తాను?"

నేను పుస్తకాలు తిరగేసి, రికార్డులు విని తెలుసుకున్న జాజ్ అంతా ఆ ఒక్క మాటలో ఉంది!

కానీ కాళ్లూ చేతులూ కడుక్కుని, ఇంట్లోంచి సన్నాయి తెచ్చాడు. రేకు డబ్బా తెరిచి, పీక నోట్లో తడుపుకున్నాడు. డోలు లేదు, శ్రుతిపెట్టె లేదు. అరుగు మీద కూర్చుని కళ్లు మూసుకున్నాడు. "ఆ రోజు వాయించింది తోడి. ఇవాళా తోడే. వేరే తోడి" అని మొదలుపెట్టాడు. కళ్లంలో కూలీలు ఒకరొకరే పని ఆపి వచ్చారు. మధ్యలో రెండు చోట్ల ఊపిరి అందక ఆగాడు. ఆగి, మళ్లీ అక్కడి నుంచే ఎక్కాడు. నేను గడియారం చూడలేదు. ఈసారి ముఖం చూశాను, రాగం నిండు ముఖం.

బయల్దేరుతూ "పత్రికలో రాస్తాను, మీ పేరు చెప్పండి" అన్నాను.

"పత్రికలో ఎందుకు బాబూ? మీ పద్దుల పుస్తకంలో రాసుకోండి. రేపు మీ ఇంట్లో ఇంకో శుభకార్యమైతే పిలవచ్చు" అన్నాడు.

అందుకే ఇక్కడ ఆయన పేరు లేదు. ఇంటికెళ్లాక పుస్తకం తీసి "మేళం" అన్న మాట పక్కన పేరు, ఊరు, ఫోన్ నంబరు రాశాను. మా ఇంట్లో తర్వాతి పెళ్లి నాదే. ఆ రోజు డీజే రాత్రి పదింటికి మొదలవుతుంది, లేదా పెద్దాయన రాగం పూర్తయ్యాక. రెండిట్లో ఏది ఆలస్యమైతే అది!

ఈసారి మీరు ఏ పెళ్లికైనా వెళ్లినప్పుడు ఓ పని చేయండి. ఐస్‌క్రీమ్ తినేశాక, సన్నాయి దగ్గర ఓ పావుగంట కూర్చోండి. వాయించడం అయ్యాక ఆయన పేరడగండి. రాగం మధ్యలో మాత్రం అడక్కండేం!